రెండు గ్రాముల ఎర కోసం సన్నటి గాలం కర్ర

మే 18

కర్ర ఇవాళ చేతికొచ్చింది. రెండు ముక్కల కార్బన్ కర్ర. జోడిస్తే 6 అడుగుల 4 అంగుళాలు. కొస అగ్గిపుల్లకన్నా సన్నం. వంటింటి తూకంలో 98 గ్రాములు తూగింది. పిడికి కాస్త పైన చిన్న అక్షరాల్లో రాసి ఉంది: ఎర బరువు 1.5 నుంచి 8 గ్రాములు. నేనీ కర్ర కొన్నది ఆ ఒక్క మాట కోసమే.

సిద్దిపేట దగ్గరున్న మా ఊరి చెరువులో నాలుగేళ్లుగా కొర్రమట్టల కోసం గాలమేస్తున్నాను. నా పాత కర్ర మొద్దుది. 12 గ్రాముల రబ్బరు కప్పను తామరాకుల మీదికి గిరాటేయడానికి బాగా పనికొస్తుంది. వానాకాలంలో నీళ్లు కలకగా ఉన్నప్పుడు దానికి ఎదురులేదు. నీళ్లు తేరుకున్నాక మాత్రం కప్ప దబ్బున పడగానే చేపలు చెదిరిపోతాయి. కట్ట మీద నిలబడి చూస్తే ఆ సంగతి కళ్లకు కడుతుంది: కప్ప పడ్డ చోటినుంచి నీటిమీద సన్నటి గీతలు నాలుగు దిక్కులకూ పరుగెత్తుతాయి. అదే చోట మా వాడకట్టు పిల్లాడొకడు వెదురు కర్రకు దారం కట్టి, ఎర్రను గుచ్చి, మెల్లగా జారవిడిచి గంటలో ఐదారు మట్టగిడసలు పట్టేస్తాడు.

చేపలు లేక కాదు, నా ఎర చప్పుడు ఎక్కువై. చిన్న ఎరను, చడీచప్పుడు లేకుండా, అనుకున్న చోట దించాలి. దీనికి జపాన్ వాళ్లు ఒక పద్ధతి తయారు చేశారు. బెయిట్ ఫినెస్ అంటారు. తేలికపాటి ఎరలకు అందరూ వాడే స్పిన్నింగ్ రీలు కాకుండా బెయిట్‌కాస్టింగ్ రీలు వాడటమే అందులో విశేషం. తేడా తెలియనివాళ్లకు చెప్తాను. స్పిన్నింగ్ రీల్లో ఎర విసిరేటప్పుడు స్పూల్, అంటే దారం చుట్టుకుని ఉండే చక్రం, కదలదు, దారం దాని అంచు మీంచి చుట్టలు చుట్టలుగా జారిపోతుంది. బెయిట్‌కాస్టింగ్‌లో స్పూలే బావి గిలకలాగా తిరిగి దారం వదులుతుంది. తిరిగే స్పూల్ మీద బొటనవేలు ఆనిస్తే ఎరను గాల్లోనే నెమ్మదింపజేయొచ్చు, గుర్రపుడెక్క అంచుకు జానెడు ఇవతల దించొచ్చు. కాకపోతే ఆ గిలకను తిప్పాల్సింది ఎర బరువే. 20 గ్రాముల ఎర సునాయాసంగా తిప్పేస్తుంది. 2 గ్రాముల ఎర తిప్పగలదా? అదీ నేను తేల్చుకోవాల్సింది. తిప్పితే, ఆ తర్వాత రెండో ప్రశ్న: ఇంత సన్నటి సరంజామా కొర్రమట్టను ఆపగలదా?

మే 19

వరి కోసిన మడిలో పొద్దున్నే మొదటి పరీక్ష. చేప లేదు, నీళ్లు లేవు, కొక్కెం కూడా లేదు. దారం చివర 3.5 గ్రాముల సీసం గుండు మాత్రమే. రీలు నా పాతదే. దాని మీద 0.30 మిల్లీమీటర్ల నైలాన్ దారం 100 మీటర్లు ఉంది.

పాత అలవాటు కొద్దీ భుజంతో విసిరాను. గుండు 9 మీటర్లు పోయి పడింది. స్పూల్ మాత్రం ఆగలేదు. దారం పైకి ఉబ్బి, రీలంతా గిజిగాడి గూడయింది. పన్నెండు సార్లు విసిరితే ఏడు సార్లు ఇదే తంతు. చిక్కు ఎందుకు పడుతుందో నిదానంగా చూస్తే తెలిసింది. మొదటి ఊపుకు స్పూల్ వేగం అందుకుంటుంది. తేలికైన గుండును గాలి పట్టి ఆపేస్తుంది. స్పూల్‌కు ఆ కబురు అందదు, అది అదే వేగంతో దారం వదులుతూనే ఉంటుంది. పోయేచోటు లేని దారం అక్కడే ముద్దవుతుంది.

బ్రేకు బిగిస్తే చిక్కు పడటం లేదు గానీ గుండు ఆరు మీటర్లు కూడా దాటడం లేదు. ఆ మాత్రం దూరానికి పిల్లాడి వెదురు కర్రే చాలు.

మే 23

కర్రలో లోపముందేమోనని మూడు రోజులు దాన్నే అనుమానించాను. అసలు బరువు ఎక్కడుందో తూచి చూద్దామని స్పూల్ ఊడదీసి ఊళ్లో కంసాలి కొట్టుకు పట్టుకుపోయాను. వంటింటి తూకం గ్రాములో వంతులు చూపించదు, ఆయన తూకం మిల్లీగ్రాములు చూపిస్తుంది.

ఆయన స్పూల్‌ని రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసి, "వెండి కాదు గదా" అన్నాడు. అల్యూమినియం అని చెప్తే అద్దాల పెట్టెలో తూకం మీద పెట్టాడు. దారంతో కలిపి 24.3 గ్రాములు. దారమంతా విప్పి మళ్లీ పెట్టాం: 16.2. అంటే దారమొక్కటే 8.1 గ్రాములు! నా ఎర బరువుకు నాలుగింతలు. పైగా ఆ బరువు స్పూల్ నడుమ కాదు, అంచున ఉంది. తిరిగే వస్తువుకు అంచున ఉన్న బరువే ఎక్కువ భారం. ఇరుసు నుంచి రెండింతలు దూరంలో ఉన్న గ్రాము, దాన్ని కదిలించడానికైనా ఆపడానికైనా నాలుగింతలు మొరాయిస్తుంది.

"మా నాయన కాలంల గురిగింజలతోని తూచేది. గింజంత తేడా వచ్చినా గిరాకీ ఊకునేటోడు కాదు. నీ పని గూడ గట్లనే ఉన్నది" అన్నాడాయన. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఇంటికొచ్చి దారాల లెక్క వేశాను. జపాన్ కొలతలో 0.8 నంబరు అల్లిక దారం, అంటే పీఈ దారం, మందం 0.148 మిల్లీమీటర్లు. 45 మీటర్లు చుట్టినా ముప్పావు గ్రాము దగ్గరే ఉంటుంది. 0.205 మిల్లీమీటర్ల ఫ్లోరోకార్బన్ (ఒంటి పోగు దారం) అయితే అంతే పొడవుకు రెండున్నర గ్రాములు పైబడుతుంది. మా చెరువులో కట్ట మీంచి 25 మీటర్లకు మించి విసిరే అవసరమే లేదు. అలాంటప్పుడు 100 మీటర్ల దారం మోసుకుని తిరగడం ఎందుకు? నా రీలుకు సరిపోయే లోతు తక్కువ స్పూల్ ఒకటి ఆర్డర్ పెట్టాను.

మే 30

స్పూల్ ఇంకా రాలేదు. ఈలోగా బేరింగుల పని పట్టాను.

స్పూల్‌కు రెండు పక్కలా చిన్న బేరింగులుంటాయి. తుప్పు పట్టకుండా కంపెనీలో వాటికి కాస్త చిక్కటి నూనో గ్రీజో పెట్టి పంపిస్తారు. బరువైన ఎరకు అదో లెక్క కాదు. 2 గ్రాములకు అదే పెద్ద అడ్డంకి. సెల్‌ఫోన్ రిపేరు కొట్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసాలో పోసి, బేరింగులు అందులో వేసి పది నిమిషాలు గిలకొట్టాను. ఆల్కహాల్ బూడిద రంగుకు తిరిగింది. ఆరబెట్టి, ఒక్కోదానికి సూదిమొనతో ఒక్క చుక్క పల్చటి రీలు నూనె. చుక్క అంటే చుక్కే. రెండో చుక్క పడితే చేసిన పనంతా వృథా.

ముందు వేలితో తిప్పితే స్పూల్ 6 సెకన్లు తిరిగేది. ఇప్పుడు 19 తిరుగుతోంది.

జూన్ 8

మృగశిర కార్తె. ఇవాళ గాలం ముట్టలేదు. పొద్దున ఐదింటికే చెరువు దగ్గర వలలు లాగారు. కొర్రమట్టలు కట్ట మీదికి వచ్చినవి వచ్చినట్టే తూకానికెక్కాయి. ఇంట్లో చేపల పులుసు, పక్కింటి నుంచి ఇంగువ బెల్లం ఉండలు. సాయంత్రానికి స్పూల్ వచ్చింది. ఖాళీగా 8.6 గ్రాములు, దారం చుట్టాక 9.4. చుట్టు గోడ నిండా చిల్లులు. వేళ్ల మధ్య పట్టుకుంటే బరువే తెలియడం లేదు.

జూన్ 15

మళ్లీ అదే మడి. తొలకరి పడి నేల మెత్తబడింది, గుండు పడ్డచోట గుంట కనిపిస్తోంది కాబట్టి టేపుతో కొలవడం తేలికైంది. ఒక్కో బరువు ఇరవై సార్లు విసిరి, నడిమి లెక్క రాసుకున్నాను. 1.8 గ్రాములకు 11 మీటర్లు. 2.6 గ్రాములకు 16. 3.5 గ్రాములకు 21. 5 గ్రాములకు 27. చిక్కులు ఎనభై విసుర్లలో ఆరే, అందులో నాలుగు ఎదురుగాలికి విసిరినప్పుడు.

కర్ర గుణం నాకు ఇవాళే అర్థమైంది. ఇన్నాళ్లూ చేత్తో విసురుతున్నాను. ఈ కర్రను వెనక్కి తీసుకెళ్లి ఒక్క లిప్త ఆగితే, ఆ 2 గ్రాముల బరువుకే కొస వంగుతుంది. వంగినట్టు అరచేతికి తెలుస్తుంది. అప్పుడు మణికట్టు చిన్నగా ముందుకు తిప్పితే చాలు, వంగిన కొస తిరిగి నిటారయ్యేటప్పుడు ఎరను అదే పంపిస్తుంది. ఉండేలు రబ్బరు సాగదీసి వదిలినట్టు. మొద్దు కర్ర ఇంత చిన్న బరువుకు వంగదు, అందుకే దాంతో భుజబలం వాడాల్సి వచ్చేది. తొందరపడి ఝాడించిన ప్రతిసారీ దూరం తగ్గింది. నిదానించిన ప్రతిసారీ పెరిగింది.

బ్రేకు గురించి ఒక మాట. నా రీల్లో ఉన్నది అయస్కాంతాల బ్రేకు. అల్యూమినియం అయస్కాంతానికి అంటుకోదు, నిజమే. కానీ అయస్కాంతం ముందు వేగంగా తిరిగే అల్యూమినియంలో చిన్న కరెంటు సుళ్లు పుడతాయి, అవి స్పూల్‌ను వెనక్కి పట్టి లాగుతాయి. ఎంత వేగంగా తిరిగితే అంత గట్టిగా లాగుతాయి. వేగం తగ్గగానే అవే వదిలేస్తాయి. ఏదీ ఒకదానికొకటి రాసుకోదు, అరగదు. పది గీతల బ్రేకులో 2.6 గ్రాములకు నాలుగు దగ్గర పెట్టాను, ఎదురుగాలికి ఆరు. పక్కన స్పూల్‌ను నొక్కి పట్టే మరను మాత్రం పూర్తిగా వదులు చేశాను, స్పూల్ పక్కలకు ఊగనంత వరకే బిగింపు. పెద్ద ఎరలకు ఆ మర బిగించి వాడటం అలవాటున్నవాళ్లకు ఇది కొత్తగా ఉంటుంది.

జూన్ 29

చెరువు మీద మొదటి రోజు. మిషన్ కాకతీయలో పూడిక తీసినప్పటినుంచీ తూము దగ్గర నిలువు లోతు, అవతలి ఒడ్డున తుంగ, నడుమ తామరాకులు. నాకు తూము పక్కనున్న రాతికట్టు చాలు.

ముందు మత్స్యకారుల సంఘం పెద్దమనిషిని అడిగి వచ్చాను. చెరువు మీద హక్కు వాళ్లది, ఏటా చేపపిల్లలను వదిలేదీ అందులోనే. ఆయన కర్ర కొసను వేలితో వంచి చూశాడు.

"ఏంది బిడ్డా, గీ పుల్లతోని కొర్రమట్టను ఆపుతవా?"

"ఆపుతనో లేదో చూద్దామనే వచ్చిన కాకా."

"సూడు మరి. రవ్వలు, బొచ్చెలు పడితే మాత్రం ఇడిచిపెట్టు. అవి సంఘానియి."

2.6 గ్రాముల సీసం తల కొక్కేనికి రెండు అంగుళాల రబ్బరు చేప గుచ్చాను. తామరాకుల సందులోకి 12 మీటర్లు. నీళ్లకు రెండడుగుల పైన ఉండగా బొటనవేలు ఆనించాను. ఎర చినుకు పడ్డంత చప్పుడుతో నీళ్లలోకి దిగింది. చెదిరిన గీతలు లేవు. దారం సడలి, మెల్లగా కిందికి జారుతుండగా టక్ మని ఒక్క తాకుడు. పాత కర్రతో ఇలాంటి తాకుళ్లు ఎన్ని తెలియకుండా పోయాయో! సన్నటి కర్ర, సాగని పీఈ దారం, రీలును అరచేతిలో ఇముడ్చుకుని చూపుడు వేలు దారం మీద పెట్టుకోవడం: ఈ మూడూ కలిస్తే చేప ఎరను ఊది చూసినా తెలుస్తుంది.

జానెడు మట్టగిడస. తడి చేత్తో పట్టుకున్నాను. ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు ఒళ్లు, పొట్ట వైపు దిగే నల్లటి చారలు, వాటిమీద ఆవాలు చల్లినట్టు చుక్కలు. దవడ తెరిచి ఒక్క గుటక గాలి మింగింది. మట్టజాతి చేపలకు మొప్పలతో పాటు గాలి పీల్చే ఏర్పాటు కూడా ఉంటుంది. వదిలేస్తే తోకతో ఒక్క దెబ్బ కొట్టి బురదలోకి దూరింది.

సాయంత్రం దాకా మట్టగిడసలు తొమ్మిది, అరచేతి వెడల్పు తిలాపియాలు మూడు. కప్పతో నాకు ఇందులో ఒక్కటీ పడి ఉండేది కాదు.

జూలై 6

పెద్దది పడింది, పోయింది. తూము రాళ్ల పక్కన కర్ర సగం దాకా వంగింది, రీలు కిర్రుమంటూ దారం వదిలింది, ఉన్నట్టుండి తేలికైపోయింది. చివర చూస్తే దారం తెగినచోట దూదిలాగా విచ్చుకుని ఉంది.

పీఈ దారం లాగుడుకు గట్టిదే గానీ రాపిడికి ఓర్చుకోదు. రాయి తగిలితే అయిపోయినట్టే. అందుకే చివర ఫ్లోరోకార్బన్ కట్టాలి. నేను జానెడే కట్టాను, రాళ్లకు తగిలింది అల్లిక దారం. ఇక నుంచి నాలుగడుగులు, 8 పౌండ్లది. రెండు దారాలనూ కలపడానికి ఎఫ్‌జీ ముడి నేర్చుకుంటున్నాను. అందులో ఫ్లోరోకార్బన్ ముడి పడదు, నిటారుగా ఉంటుంది. పీఈ దారమే దాని చుట్టూ జడ అల్లినట్టు ఇటోసారి అటోసారి ఇరవై చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. ముడి సన్నగా ఉంటుంది కాబట్టి కర్ర రింగుల్లోంచి గుచ్చుకోకుండా జారిపోతుంది. కిటికీ ఊచకు కట్టుకుని రాత్రి పదకొండు దాకా అల్లాను. ఆరోది నిలిచింది.

ఆ చేప నోట్లో కొక్కెం మిగిలిపోయింది. ఆ సంగతే మనసులో మెదులుతోంది. ఇంట్లో ఉన్న కొక్కేల ముళ్లన్నీ పటకారుతో నొక్కేశాను. ఇంకోసారి తెగినా అది విదిలించుకోగలుగుతుంది.

జూలై 13

కొత్త ముడి పెట్టినా దారం మళ్లీ నలుగుతోంది, ఈసారి రాళ్లే లేని చోట. రింగులు ఒక్కోటీ చూశాను, కంటికేమీ కనబడలేదు. చిటికెడు దూది పేని ప్రతి రింగులోంచీ లాగాను. కొస రింగు దగ్గర రెండు పోగులు పట్టుకున్నాయి. లోపలి పింగాణీ పూస వెంట్రుకవాసి చిట్లింది. పోయిన వారం కర్రను బైకుకు ఆనించి చాయ్ తాగడానికి పోయాను, గాలికి పడింది. అప్పుడే అయి ఉండాలి.

లైటరుతో ఆ రింగు గొట్టాన్ని మాత్రం మెల్లగా వేడి చేస్తే లోపలి జిగురు కరిగి ఊడొచ్చింది. కార్బన్‌కు మంట తగలనీయకూడదు, బలం పోతుంది. కొత్తది వేడి జిగురుతోనే అతికించాను. మిగతా రింగుల వరుసలోనే ఉందో లేదో ఒక కన్ను మూసి పిడి వైపు నుంచి చూసుకున్నాను.

జూలై 20

ఆకాశం ఉరుముతోంది, వెళ్లలేదు. కార్బన్ కర్ర కరెంటును తనలోంచి పోనిస్తుంది. చెరువు కట్ట లాంటి బోడి ఎత్తు మీద ఆరడుగుల కార్బన్ కర్ర నిలబెట్టి పట్టుకోవడమంటే పిడుగును పిలవడమే. మా కట్ట దాటాక పొలాల మీదుగా 11 కేవీ తీగలు కూడా వేలాడుతూ పోతాయి. అక్కడ నడిచేటప్పుడు కర్రను రెండు ముక్కలు చేసి సంచిలో పెట్టుకుంటున్నాను. ఇది చదివి ఎవరైనా కార్బన్ కర్ర కొంటే, దయచేసి ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

ఇంట్లో కూర్చుని డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగితే దారం తెగకుండా జారనిచ్చే బిగింపు, సరిచేశాను. 8 పౌండ్లంటే సుమారు 3.6 కిలోలు. అందులో పావు వంతుకు కాస్త ఎక్కువ, కిలో దగ్గర దారం జారాలి. లీటరు నీళ్ల సీసా దారానికి కట్టి కర్రతో ఎత్తాను. సీసా నేల విడిచీ విడవకముందే రీలు కిర్రుమనేదాకా మర తిప్పి, అక్కడ గుర్తు పెట్టాను.

ఆగస్టు 3

తుంగ వైపు ఒక సందులో నీళ్లు ఎర్రగా కదిలాయి. పళ్లెమంత మేర, వందల పిల్లలు, ఒక్కోటి బియ్యపు గింజంత, కుంకుమ కలిపినట్టు. పిల్లల గుంపు పైకి వచ్చి గాలి గుటకలేసి మళ్లీ దిగుతోంది. కింద తల్లో తండ్రో ఉండే ఉంటుంది, కొర్రమట్ట పిల్లలను అలాగే కాస్తుంది. ఆ సమయంలో గుంపులోకి ఏది దూరినా తరిమి కొడుతుంది, ఎర వేస్తే తప్పక పడుతుంది. కాపలా పోతే ఆ పిల్లలను చుట్టుపక్కల చేపలు ఒక్కపూటలో మింగేస్తాయి. కొక్కేన్ని కర్రకున్న రింగుకు తగిలించి వెనక్కి వచ్చేశాను. దసరా దాకా ఆ ఒడ్డుకు పోను.

ఆగస్టు 17

అలుగు పారడం ఆగి వారమైంది. తూము దగ్గర నీళ్లు తేటపడ్డాయి. సాయంత్రం ఐదున్నర.

2.6 గ్రాముల సీసం తల. ఈసారి రబ్బరు చేప కాదు, నేనే కట్టిన ఈక: మా ఇంటి ఎర్రకోడి మెడ ఈకలు నాలుగు, ఎర్ర పట్టుదారంతో చుట్టి, మీద గోళ్ల రంగు పూసింది. నీళ్లలో ఆగినప్పుడు కూడా ఈక ఊపిరి తీసుకున్నట్టు ఉబ్బి తగ్గుతుంది, రబ్బరుకు ఆ గుణం లేదు. తూము రాతి స్తంభానికి, నీటి మీదికి వంగిన తుమ్మ కొమ్మకు నడుమ రెండడుగుల సందు. పక్కనుంచి, నడుమెత్తులో విసిరి కొమ్మ కిందుగా పంపాను. బొటనవేలు. ఈక స్తంభాన్ని తాకీ తాకకుండా దిగింది.

తాకుడు లేదు. దారం మాత్రం పక్కకు నడుస్తోంది. కర్ర ఎత్తాను.

మొదటి పరుగు రాళ్ల వైపే. డ్రాగ్ కిలో దగ్గర జారింది, నేను బొటనవేలితో ఇంకాస్త కలిపాను. కర్ర పిడి దాకా వంగింది గానీ ఎక్కడా పెళుసుగా అనిపించలేదు. మొద్దు కర్ర చేపను ఈడ్చేస్తుంది. ఈ కర్ర చేప లాగిన కొద్దీ వంగి, అది ఆగగానే తిరిగి తీసుకుంటుంది. రెండుసార్లు పైకి వచ్చి గాలి మింగింది. నాలుగు నిమిషాలకు అంచుకు వచ్చింది. చేతి వల కింద పెట్టి ఎత్తాను. స్ప్రింగు తూకంలో 640 గ్రాములు. ఈక పై దవడ మూలన గుచ్చుకుని ఉంది, ముల్లు లేని కొక్కెం వేలితో నెడితే వచ్చేసింది. నాలుగడుగుల ఫ్లోరోకార్బన్‌లో చివరి జానెడు పళ్లకు గరుకెక్కింది, అల్లిక దారం మీద మరక కూడా లేదు.

కాక కట్ట మీద వల బాగుచేసుకుంటూ చూస్తూనే ఉన్నాడు. దగ్గరికొచ్చి చేపను కాదు, ముందు కర్ర కొసను చూశాడు. నిటారుగానే ఉంది.

"విరగలె" అన్నాడు.

డైరీలో ఇవాళ్టి లెక్కలు: స్పూల్ 9.4 గ్రాములు, బ్రేకు నాలుగు, 0.8 నంబరు పీఈ 40 మీటర్లు (ఐదు మీటర్లు తెగిపోయాయి), 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ నాలుగడుగులు. 2 గ్రాముల లోపు ఎరలకు ఈ రీలు వద్దు, నా దగ్గర 1.8తో పోయిన 11 మీటర్లు గాలి లేని రోజు మాటే. అక్కడ స్పిన్నింగ్ రీలే మెరుగు. తామరాకుల గుబురు మీదికి ఇప్పటికీ కప్పా, మొద్దు కర్రే. కానీ రెండున్నర నుంచి ఐదు గ్రాముల దాకా, పది పదిహేను మీటర్ల దూరంలో, కొమ్మల కింద, ఆకుల సందుల్లో ఈ కర్రను నేనిక ఇంట్లో వదిలి వెళ్లను.

వచ్చే ఆదివారానికి ఈకలు ఇంకో ఆరు కట్టాలి. ఎర్రకోడి మెడ మీద ఇంకా చాలా ఉన్నాయి.